దొరగారి గడియారానికి పసుపు బొట్టు

ఏప్రిల్ 10, 2000. సోమవారం

ఈ డైరీ మా అల్లుడు ఉపేంద్ర కంపెనీ వాళ్ళు పంచిపెట్టింది. కంపెనీ పుట్టి ఏడాది కాలేదు, డైరీకి మాత్రం తోలు అట్ట, కాగితాల అంచుకి బంగారు రంగు. జనవరి నుంచీ బియ్యం డబ్బా మీద పడి ఉంది. మూడో తరగతితో బడి మానేసినవాడికి డైరీ ఎందుకు అనుకున్నాను. ఇవాళ అవసరం పడింది. ఇంట్లో తిట్టడానికి మనిషి లేదు.

మా ఆవిడ నూకాలమ్మ నిన్న కూతురి కారెక్కి పుంగ్గోల్‌లో వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

జరిగింది ఇంతే. ఉగాది బుధవారం నాడు వచ్చింది. సింగపూరులో ఉగాదికి సెలవెక్కడిది? పంచాంగం కన్నా ఉపేంద్ర ఆఫీసు గట్టిది కాబట్టి పండగని ఆదివారానికి జరిపాం. కూతురు కోటేశ్వరి, అల్లుడు, కాకినాడ నుంచి కొడుకుని చూడ్డానికి వచ్చిన వియ్యంకుడు రాజారావు, వియ్యపురాలు సీతాదేవి భోజనానికి వచ్చారు. రాజారావు బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైనవాడు. మా క్లెమెంటి ఫ్లాటు గుమ్మంలో నిలబడి, "ఇల్లు చిన్నదైనా గాలి బాగా వస్తోంది బావగారూ" అన్నాడు. అలాంటి మనిషికి చూపించడానికి నా ఇంట్లో ఉన్నది ఒక్కటే. గడియారం.

అది ఇంగ్లీషువాళ్ళ బల్ల గడియారం. నల్లచెక్క పెట్టె, నెత్తిన ఇత్తడి పిడి, కింద నాలుగు ఇత్తడి కాళ్ళు. చేసినవాడి పేరు, లండన్ అన్న మాట ముఖం మీద చెక్కి ఉంటాయి. నేను పనిచేసిన నేవల్ బేస్ మూసేసి ఇంగ్లీషు దొరలంతా ఓడలెక్కుతున్నప్పుడు మా దొర సామానంతా పెట్టెల్లో సర్దింది నేను. ఒక్క గాజు గ్లాసు పగల్లేదు. "ఇది సముద్రం మీద బతకదు గణపతీ, నువ్వే ఉంచుకో" అని ఆయన నా చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం కీ ఇచ్చేది నేను. ఇంకెవరూ ముట్టుకోరు. దసరాకి నూకాలమ్మ ముట్టుకుంటుంది, అది వేరే సంగతి. ఆయుధపూజ నాడు కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ బొట్టు పెట్టినట్టే దీనికీ పెడుతుంది. వెనక తలుపు తీసి ఏదో చేస్తుంది. ఆడవాళ్ళ పూజల్లో తల దూర్చే అలవాటు నాకు లేదు.

నిన్న పన్నెండు కొట్టబోయే ముందు అందరినీ దాని ఎదురుగా నిలబెట్టాను. "వినండి బావగారూ, గుడిగంటలా ఉంటుంది" అన్నాను. గారెలు చల్లారిపోతున్నాయని నూకాలమ్మ గొణిగింది. ఉండవే అన్నాను. పన్నెండుకి ఇంకాస్త ఉందనగా టిక్కుమంటున్నది టిక్కుమనడం మానేసింది. రాజారావు ఎంతో మర్యాదగా తన చేతి గడియారం చూసుకుని, "దొరగారి టైములో ఇంకా అవలేదేమో" అన్నాడు. సీతాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఒక మాటన్నాను. "ఎలా ఆడుతుంది? ఈవిడ దరిద్రపు చెయ్యి పడింది కదా, చచ్చింది."

నూకాలమ్మ అందరికీ వడ్డించింది. నాకు అడక్కుండానే రెండోసారి పెరుగు వేసింది. గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, సంచీలో రెండు చీరలు పెట్టుకుని వెళ్ళి కారులో కూర్చుంది. నావైపు చూడనైనా చూడలేదు.

శుక్రవారానికి వచ్చేస్తుంది. ఇంట్లో దీపం ఎవరు పెడతారు?

ఏప్రిల్ 11

నాకేం లోటు లేదు. అన్నం వండుకున్నాను. అడుగున మాడింది, మీద పలుకు మిగిలింది. మధ్యలోది బ్రహ్మాండంగా ఉంది. మధ్యలోదే తిన్నాను.

ఏప్రిల్ 12

అల్లుడు వచ్చాడు. అతని ఆఫీసు ఇక్కడికి దగ్గరే. వాళ్ళు కంప్యూటర్లో చేపలు అమ్ముతారు. జనం ఇంట్లో కూర్చుని బొమ్మ చూసి పండుగొప్ప కొంటారట. మొప్ప కింద ఎరుపు చూడకుండా, వేలితో నొక్కకుండా చేప కొనేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఎన్ని అమ్మారని అడిగితే, ఇప్పుడు అమ్మడం ముఖ్యం కాదు మావయ్యా, పెరగడం ముఖ్యం అన్నాడు. సరే, పెరగండి అన్నాను.

గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికింత బాధెందుకు మావయ్యా? లోపలి సామానంతా తీసేసి బ్యాటరీ మిషను పెట్టించేద్దాం. కీ ఇచ్చే పని ఉండదు, సెకను తేడా రాదు" అన్నాడు.

"అలాగే మీ నాన్నగారి లోపలి సామాను కూడా తీయించి బ్యాటరీ పెట్టించు. ఆయన నోరు కూడా నిమ్మళంగా ఉంటుంది" అన్నాను.

నవ్వాడు. అల్లుడు మంచివాడే. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "అత్తయ్యకి ఏమైనా చెప్పమంటారా?" అని అడిగాడు.

"కందిపప్పు ఏ డబ్బాలో ఉందో అడుగు" అన్నాను.

ఏప్రిల్ 14. శుక్రవారం

రాలేదు. బహుశా కారు ఖాళీ లేదేమో.

పప్పు మినప్పప్పు డబ్బాలో ఉంది. మినప్పప్పు ఎక్కడుందో దేవుడికి తెలియాలి.

ఏప్రిల్ 15

గడియారాలు బాగుచేసే చైనావాడు, పేరే ఆ సెంగ్, అతని దగ్గరికి గడియారం పట్టుకెళ్ళాను. అతని దుకాణం బజారు మెట్ల కింద అలమరా అంత ఉంటుంది. మనిషి నా ఈడువాడే, నోరు నాకన్నా చెడ్డది. మేం మాట్లాడుకునేది బజార్లో అందరికీ వచ్చిన ముక్కల మలయ్ భాషలో. ఈ ఊళ్ళో తనంత పనివాడు లేడని బోర్డు మీద రాయించుకోలేదు కానీ, వచ్చిన ప్రతివాడికీ నోటితో చెబుతాడు.

వెనక తలుపు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఇది గడియారమా, కూర కుండా?"

"చూసి మాట్లాడు. లండన్‌ది."

"లండన్‌లో పసుపు పండదు."

చిమటాతో గీకి చూపించాడు. పసుపు, కుంకుమ, వాటి మీద ఏళ్ళ తరబడి పోసిన దీపం నూనె. అంతా కలిసి గట్టిపడి బెల్లం పాకంలా చక్రాలను పట్టేసింది. "ఎవరో ఏడాదికోసారి భక్తిగా చంపుతూ వచ్చారు. ఇన్నేళ్ళు చావకపోవడం దీని గొప్ప. ఇక బాగవడం నా గొప్ప" అన్నాడు.

అంటే నేనన్నది అక్షరాలా నిజం. ఆమె చెయ్యే. నాకు ఎంత సంతోషం వేసిందంటే అతనికి కాఫీ తాగించాను.

కాఫీ తాగుతూ లోపలి పని చూపించాడు. స్ప్రింగు డబ్బా ఒక పక్క, శంకువులా మెట్లు మెట్లుగా కోసిన ఇత్తడి దిమ్మ ఇంకో పక్క. రెండింటికీ మధ్య గొలుసు. సైకిలు గొలుసు లాంటిదే, కాకపోతే ఒక్కో లంకె ఆవగింజంత. కొత్తగా కీ ఇచ్చినప్పుడు స్ప్రింగుకి పొగరెక్కువ, రోజులు గడిచేకొద్దీ నీరసం. ఆ శంకువు పొగరుని అణిచి, నీరసాన్ని ఎత్తి, రెండింటినీ సమం చేస్తుందట. అందుకే గడియారం వారమంతా ఒకే నడక నడుస్తుందట.

"మనుషులకి పెట్టరా ఈ దిమ్మ?" అన్నాను.

"మనిషికి పెళ్ళాన్ని ఇచ్చారుగా" అన్నాడు. "ఈ గొలుసులు కూడా ఆ కాలంలో ఇంగ్లండు ఆడవాళ్ళే చేసేవాళ్ళు. చేసి చేసి కళ్ళు పోయేవి."

నేను అడగలేదు. అయినా చెప్పాడు.

వెనక ఇత్తడి రేకు మీద పూలతీగ, ఆకులు, ఒక పిట్ట చెక్కి ఉన్నాయి. నేనెప్పుడూ చూడలేదు. అంత పని చేసి గోడ వైపు తిప్పి పెట్టుకుంటారు, తెల్లవాళ్ళ తెలివి.

పసుపు అంటిన దూదిని కాగితంలో చుట్టి ఇమ్మన్నాను. ఎందుకని అడిగాడు. సాక్ష్యానికి అన్నాను.

ఏప్రిల్ 16. ఆదివారం

పుంగ్గోల్ వెళ్ళాను. రైలు, ఆ పైన బస్సు, ఆ పైన ఇంకో బస్సు. ఒకప్పుడు అక్కడ పందుల్ని పెంచేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేరు వాళ్ళని పెంచుతున్నారు. చుట్టూ మట్టి, మధ్యలో కొత్త మేడలు.

ఉపేంద్ర మొహం వేలాడేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అమెరికాలో ఏవో షేర్లు పడ్డాయట. రాజారావు పక్కన కూర్చుని, బ్యాంకులో తాను ఇలాంటివి ఎన్ని చూశాడో చెబుతున్నాడు. పాపం, కుర్రాడికి రెండు కష్టాలు.

నూకాలమ్మ కిటికీ దగ్గర చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. రా అనలేదు. మంచినీళ్ళు కూడా తాను ఇవ్వలేదు, కోటేశ్వరి చేత పంపింది. అంత పొగరు.

కాగితం విప్పి దూది చూపించాను. "ఇదిగో. ఆ సెంగ్ తీశాడు. పసుపు, దీపం నూనె. నేను ఊరికే అన్నానా?"

"నాన్నా, ఎనఫ్ లా" అంది కోటేశ్వరి, ఈ ఊరి ఇంగ్లీషులో.

నూకాలమ్మ దూది వైపు చూసింది. "నానే ఎట్టీను. పూజంటే ఎట్టరా? నీ కాడ అదొక్కటే గదా గొప్పది."

"గొప్పదని చంపుతావా? వెనకాల ఎంత పనుందో తెలుసా నీకు? పూలతీగ, పిట్ట..."

"రెండు పిట్టలు" అంది. "ఒకటి ఆకు కింద దాగుంటాది. దానికి బొట్టెట్టడానికి అగ్గిపుల్ల కావాల."

రాజారావు దగ్గాడు. దగ్గెక్కడిది, నవ్వు.

అప్పుడు నూకాలమ్మ నా మొహంలోకి చూసి అడిగింది. గొంతు పెంచలేదు. "గడేరం ఆగిపోనాదని నాది దరిద్రపు సెయ్యైపోనాది. మరి ఇన్నేళ్ళు ఆడినాది గదా. అప్పుడెవులి సెయ్యది?"

జవాబు చెప్పకుండా లేచి వచ్చేశాను. నాకు జవాబు లేక కాదు. బస్సు తప్పిపోతుందని. దారిలో తడుతుందిలే అనుకున్నాను.

ఏప్రిల్ 17

తట్టలేదు.

ఏప్రిల్ 18

ఆ సెంగ్ దగ్గరికి వెళ్ళాను. గడియారం మొత్తం విప్పేసి కిరసనాయిల్లో కడుగుతున్నాడు. వెనక రేకు తళతళలాడుతోంది. అద్దం అడిగి తీసుకుని వెతికాను.

ఆకు కింద రెండో పిట్ట ఉంది. పెసరగింజంత. కన్ను కూడా చెక్కాడు మహానుభావుడు.

"నేనే చూడలేదే దీన్ని. ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు ఆ సెంగ్. ఈ ఊళ్ళో తనంతవాడు లేడన్నవాడు.

మా ఇంటిది అని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం వచ్చింది. వెంటనే దగ్గి సర్దుకున్నాను.

ఏప్రిల్ 20

ఉపేంద్ర పనివేళలో వచ్చాడు. టై లేదు. కంపెనీకి డబ్బు పెడతానన్నవాడు పెట్టనన్నాడట. సోమవారం నుంచి ఎవరూ రానక్కర్లేదని చెప్పారట. నా అన్నం పెట్టాను, మాడింది కూడా తిన్నాడు. మనిషి బాధలో ఉన్నాడనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

"మావయ్యా, నా సంగతి వదిలెయ్యండి. ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. అత్తయ్య సంగతే నాకు భయంగా ఉంది" అన్నాడు.

"ఏమైంది? మీ అమ్మగారి మీద పెత్తనం చేస్తోందా?"

"చేస్తే బాగుండును. ఏదీ ముట్టుకోవడం లేదు. దీపం వెలిగించదు. మా పాప సుస్మిత పరీక్ష రోజు బొట్టు పెట్టమంటే, నా చెయ్యి వద్దమ్మా, మీ అమ్మ చేత పెట్టించుకో అంది. వడ్డించమంటే చేతులు కొంగులో దాచుకుంటోంది. నా ఉద్యోగం పోయిందని తెలిసి రాత్రంతా ఏడ్చింది. తను వచ్చి అడుగుపెట్టాకే ఇలా అయిందంటోంది."

మాడిన గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టాను. తర్వాత మాట్లాడాను. "అమెరికా మార్కెట్టుని పుంగ్గోల్ నుంచి పడగొట్టే చెయ్యా అది? అంత చెయ్యి ఇంట్లో ఉంటే నేనెందుకు ఈ రెండు గదుల్లో ఉంటాను?"

ఉపేంద్ర నవ్వలేదు. ఆ మాటలో నవ్వడానికి చాలా ఉంది. అయినా నవ్వలేదు.

మంచినీళ్ళు ఎందుకు ఇవ్వలేదో తెలిసింది. పొగరు కాదు.

అదే రోజు, మళ్ళీ

నోటి దురుసుతో నేను ఎంతమందిని ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. ఒక్కడూ నమ్మలేదు. నా మాట నమ్మిన మనిషి ఈవిడొక్కతే. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే కాస్త చూసి మాట్లాడేవాణ్ణి కదా.

ఏప్రిల్ 22

గడియారం తయారు. ఆ సెంగ్ లోలకాన్ని వేలితో కదిపాడు. ఆడింది. గంట కొట్టించాడు. ఇన్నాళ్ళూ నేను విన్నది పసుపు పట్టిన గంటన్నమాట. ఇప్పుడు వీధి చివరికి వినిపించేలా ఉంది.

"బల్ల సమంగా ఉండాలి. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం రెండు పక్కలా ఒకేలా వినిపించాలి. ఒకసారి కుదిరాక కదపకు. కుదుటపడనీ. లోపల నూనె పోస్తే మళ్ళీ నా దగ్గరికి తేవద్దు" అన్నాడు.

"సరే. ఇప్పుడు దాన్ని ఆపు."

"నడుస్తున్నదాన్ని ఆపమంటావేంటి? పిచ్చా?"

"ఆపు. కదపాల్సిన చెయ్యి వేరే ఉంది."

నన్ను ఎగాదిగా చూశాడు. ఈ మనిషి ఏదో ఒకటి అంటాడని కాచుకున్నాను. ఏమీ అనకుండా లోలకం పట్టుకుని ఆపి, దూది కుక్కి, చంటిపిల్లని చుట్టినట్టు తువ్వాలులో చుట్టి ఇచ్చాడు. కాఫీ కూడా తనే తాగించాడు.

ఏప్రిల్ 23. ఆదివారం

టాక్సీలో వెళ్ళాను. ఒళ్ళో పెట్టుకున్నాను. ప్రతి గతుకుకీ డ్రైవరుని తిట్టాను. అతనికి తెలుగు రాదు కాబట్టి ఇద్దరం సుఖంగా ప్రయాణం చేశాం.

పుంగ్గోల్‌లో అందరూ ఉన్నారు. నాకు కావలసింది అదే. ఆ మాట అన్నప్పుడు ఎవరెవరున్నారో వాళ్ళంతా ఉండాలి. హాల్లో టీవీ పక్కన బల్ల ఖాళీ చేయించి గడియారం పెట్టాను. దూది తీశాను. ఒకసారి కుదిరాక దీన్ని కదపకూడదని అందరికీ చెబుతూ కీ ఇచ్చాను. పక్కకి జరిగాను.

"నూకాలూ, ఇలా రా. కదుపు."

"నాను ముట్టను" అంది. చేతులు కొంగులోనే ఉన్నాయి. "మళ్ళీ ఆగిపోతే? ఈ ఇంట్లో ఇప్పటికే సాలు."

"మీరే కదపండి బావగారూ, గడియారం మీదేగా" అన్నాడు రాజారావు.

నాకు ఒళ్ళు మండింది. ఒక్కోసారి ఒళ్ళు మండితేనే నాకు నోరు సరిగ్గా వస్తుంది. "బావగారూ, ఆ రోజు మీ ముందు ఒక మాటన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు రాదు. మూడో తరగతిలో అది చెప్పలేదు. కానీ ఈవిడ నన్నొక ప్రశ్న అడిగింది. ఇన్నేళ్ళు ఆడినప్పుడు ఎవరి చెయ్యి అని. మీరంతా విన్నారు. జవాబు కూడా వినండి. ఈవిడదే. నేను కీ తిప్పాను, అంతే. ఆ వెనకున్న పిట్టలెన్నో కూడా నాకు తెలియదు."

ఎవరూ దగ్గలేదు.

నూకాలమ్మ కదల్లేదు. సీతాదేవి లేచింది. ఆవిడ మీద నాకు మంచి అభిప్రాయమేమీ లేదు. కానీ లేచి, నూకాలమ్మ కొంగు ముడి విప్పి, ఆ చెయ్యి పట్టుకుని గడియారం దాకా తీసుకొచ్చింది. "కదపండి వదినగారూ. ఆగితే మా ఆయన చెయ్యి కూడా ఒకసారి వేయిద్దాం. దరిద్రం ఎవరిదో తేలిపోతుంది" అంది.

నూకాలమ్మ ఒక వేలితో కదిపింది. ఆడింది. కానీ నడక కుంటుగా ఉంది. టిక్కు దగ్గర, టక్కు దూరం. ఆమె చెయ్యి వెనక్కి వెళ్ళబోయింది. సగంలోనే చెయ్యి నిలిపింది. తల వంచి విన్నది. వంటింట్లో కూర్చుని ఇన్నేళ్ళు ఆ చప్పుడు విన్న చెవి. "బల్ల ఒంకర" అంది. "అల్లుడా, ఓ కాయితం ముక్క అందుకో." ఉపేంద్ర జేబులోంచి తన కంపెనీ కార్డు తీసిచ్చాడు. దాన్ని రెండు మడతలు పెట్టి గడియారం ఎడమ కాలి కిందికి తోసింది. టిక్కు, టక్కు. టిక్కు, టక్కు. కుదిరింది. ఆ కంపెనీ వల్ల జరిగిన ఉపయోగం ఇదొక్కటే అన్నాడు ఉపేంద్ర. అతను నవ్వగా చూసి వారమైందని కోటేశ్వరి అంది.

"నూనె ఎప్పుడెయ్యాలి?" అంది నూకాలమ్మ.

"లోపల వెయ్యకూడదట. ఆ సెంగ్ చెప్పాడు."

"మరి దసరాకి?"

"పిడికి పెట్టుకో. చెక్కకి పెట్టుకో. లోపల మాత్రం..."

"ఆడెవుడు నాకు సెప్పడానికి? పిట్టలకి ఎట్టొద్దా?"

అందరూ నావైపు చూశారు. "అగ్గిపుల్లతో పెట్టు. పొడి పసుపు" అన్నాను. ఆ సెంగ్ వింటే నన్ను కొడతాడు. వాడికి చెప్పేదెవరు?

భోజనాలకి నూకాలమ్మ వడ్డించింది. సుస్మితని పిలిచి బొట్టు పెట్టింది. ఆ పిల్ల "అమ్మమ్మా, టూ బిగ్ లా" అని చెరుపుకోబోతే, వీపు మీద ఒకటిచ్చింది. నేను అడక్కుండానే పెరుగు వేసింది. తినేశాక, ఇక పద ఇంటికి అన్నాను.

"ఎలాగెల్తాం? కుదిరినాక కదపకూడదని నువ్వే అన్నావు గదా."

"గడియారం ఉంటుంది. మనం వెళ్దాం."

"కీ ఎవులిస్తారు? అల్లుడు పని లేక దిగులుగా ఉన్నాడు. పిల్లకి పరీక్షలు. నాను ఉంటాను. నీకు తొందరుంటే ఎల్లు, కందిపప్పు ఎక్కడుందో తెలిసింది గదా."

ఏప్రిల్ 24

బట్టల కోసం క్లెమెంటి వచ్చాను.

అల్లుడింట్లో మకాం పెట్టే మావగార్లని చూసి నేవల్ బేస్‌లో మేం ఎంత నవ్వేవాళ్ళమో నాకు బాగా గుర్తుంది. నేను మకాం పెట్టడం లేదు. మరమ్మతయిన గడియారాన్ని కొన్నాళ్ళు దగ్గరుండి చూసుకోవాలి, ఆ పని తెలిసినవాడు ఆ ఇంట్లో లేడు. రాజారావు చూస్తానన్నాడు. అందుకే తొందరపడుతున్నాను.

నూకాలమ్మ ఫోను చేసింది. "రెండు లుంగీలు సాలు, మూడోది సిరిగిపోనాది, తేకు" అంది.

మూడూ సర్దాను.